నడుముకు ఏది, బకెట్‌లోకి ఏది

బావా,

నీ ఉత్తరం అందింది. మోటారు వైండింగ్ దుకాణం వదిలి, విశాఖలో 12 అంతస్తుల అపార్ట్‌మెంటు వైరింగ్ పనికి వెళ్తున్నావని చదివి చాలా సంతోషించాను. ఐటీఐలో ఒకే బల్ల దగ్గర పని నేర్చుకున్నా, నువ్వు నీడపట్టున కూర్చుని చేసే పనిలోకి, నేను సైట్ల మీదికి చెరో దారిన వెళ్లిపోయాం. ఇన్నాళ్లకు మళ్లీ ఒకే పనిలో పడ్డాం.

పనిముట్లు మోయడానికి బెల్టు కొనాలా, భుజానికి సంచీ తగిలించుకోవాలా, అందరిలా బకెట్ పట్టుకెళ్లాలా అని అడిగావు. చాలామంది నడుము పట్టేశాక గానీ దీని గురించి ఆలోచించరు. నువ్వు పనిలో చేరకముందే అడిగావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

దుకాణంలో నీ పనిముట్లన్నీ చేతికందే దూరంలో గోడకు వేలాడుతుంటాయి. సైటులో అలా కుదరదు. పొద్దున స్లాబు మీద పైపులు పరుస్తావు, మధ్యాహ్నం కింది అంతస్తులో గోడకు గాడి కొడతావు, సాయంత్రం నిచ్చెనెక్కి ఫ్యాను పెట్టెలోంచి వైరు లాగుతావు. ఈ మూడింటికీ కావలసిన పనిముట్లు వేరు, ఒళ్లు ఉండే తీరూ వేరు. అందుకే ఏ ఒక్క సంచీ అన్నిటికీ సరిపోదు. నా పద్ధతి చెబుతాను. చెయ్యి మాటిమాటికీ అడిగేవి మాత్రమే ఒంటి మీద ఉండాలి. మన పనిలో అవి కటింగ్ ప్లేయర్, రెండు స్క్రూడ్రైవర్లు, టెస్టర్, కొలత టేపు, పెన్సిల్, ఇన్సులేషన్ టేపు. సుత్తి, ఉలి, డ్రిల్లు, వైరు లాగే స్ప్రింగు, ఇవన్నీ బకెట్‌లో పక్కన ఉంటే చాలు.

ఇక బెల్టు సంగతి. దాన్ని పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోబెట్టాలి. బరువు ఎముక మోస్తే వెన్నుకు హాయి. కనీసం మూడు అంగుళాల వెడల్పు ఉన్నది చూడు, సన్నటి పట్టీ గంటలోనే కోసుకుపోతుంది. బరువు అటూ ఇటూ సమానంగా పంచు. అన్నీ కుడివైపే వేలాడదీస్తే, తెలియకుండానే ఒళ్లు ఎడమకు ఒంగుతుంది, సాయంత్రానికి నడుము ఒకవైపు పట్టేస్తుంది. కుడిచేతి వాటం కాబట్టి స్క్రూడ్రైవర్లు, ప్లేయర్ కుడివైపు పెట్టుకో. మరలు, ప్లగ్గులు ఎడమవైపు సంచీలో వేస్తే ఎడమచెయ్యి మర తీస్తుంది, కుడిచెయ్యి బిగిస్తుంది. మరలను పెదాల మధ్య పట్టుకుని నిచ్చెనెక్కే అలవాటు మాత్రం నీకు వద్దు. ఒక్క తుమ్ము వస్తే గొంతులోకి పోతుంది.

నడుము వెనక, సరిగ్గా వెన్నెముక మీద గట్టి వస్తువు ఏదీ పెట్టకు. వెల్లకిలా పడ్డావంటే అది నేరుగా వెన్నులో గుచ్చుకుంటుంది. ప్యాంటు జేబులో మొన పైకి పెట్టిన స్క్రూడ్రైవర్ కూడా అంతే, వంగితే పొట్టలోకి, కూర్చుంటే తొడలోకి.

బయటి దేశాల బెల్టుల వీడియోలు చూసి మోజు పడకు. అవి ఎక్కువగా నిలబడి చేసే పనికి కుట్టినవి. మనం స్విచ్ బోర్డులు బిగించేటప్పుడు సగం రోజు గొంతుక్కూర్చునే ఉంటాం. ముందు పెద్ద పెద్ద సంచులు ఉంటే తొడలకు అడ్డం పడి మోకాళ్లు మడవనివ్వవు, సంచీ వంగి మరలన్నీ నేల పాలు. చిన్న సంచులు రెండు, తుంటి పక్కకు జరిపి పెట్టుకుంటే కూర్చోవడం తేలిక. టైల్స్ వేసేవాళ్లను గమనించు, వాళ్లు బెల్టు జోలికే పోరు. పక్కన బకెట్ పెట్టుకుని, ముందుకు జరిగినప్పుడల్లా దాన్నీ జరుపుకుంటారు. నేల మీది పనికి అంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు.

తోలు మంచిదా, కాన్వాసా అన్నావు. విశాఖ ఉక్కపోతకు తోలు చెమట తాగి బూజు పడుతుంది, ఎండితే బిరుసెక్కి ఒరుసుకుంటుంది. కాన్వాసు ఉతుక్కోవచ్చు, తొందరగా ఆరుతుంది. కాకపోతే స్క్రూడ్రైవర్ మొన దాని అడుగును పొడిచి బయటికొస్తుంది. అందుకే కాన్వాసు సంచీ తీసుకుని, చెప్పులు కుట్టే ఆయన చేత అడుగున తోలు ముక్క వేయించి రివెట్లు కొట్టించు. నాది అలాంటిదే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మెరిసే బెల్టులు ఎన్ని చూసినా దీన్ని మార్చాలనిపించలేదు.

ఇంకో మాట, ఇది మన పనికే ప్రత్యేకం. ప్లేయర్ పిడికి ఉన్న, 1000 వోల్టుల దాకా తట్టుకునే ఇన్సులేషన్ తొడుగు మన ప్రాణానికి కాపలా. దాన్ని ఉలితో, రంపంతో కలిపి ఒకే సంచీలో పడేస్తే రాపిడికి తొడుగు మీద సన్నటి గాట్లు పడతాయి. పైకి కనబడవు, గోటితో తడిమితే తెలుస్తాయి. దానికి వేరే అర కేటాయించు, వారానికోసారి తడిమి చూడు, గాటు తగిలితే ఆ ప్లేయర్ మార్చేయి. కరెంటును గదులకు పంచే డిస్ట్రిబ్యూషన్ పెట్టె తెరిచేటప్పుడు మెయిన్ ఆపు, ఆపినా సరే బెల్టుకు వేలాడే ఇనుప గొలుసులు, క్లిప్పులు తీసి పక్కన పెట్టు.

పై అంతస్తుల అంచున పని పడితే ప్రతి పనిముట్టుకూ తాడు ఉండాల్సిందే. 30 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు నేలను తాకేసరికి గంటకు 85 కిలోమీటర్ల వేగం దాటుతుంది. సుత్తి దాకా ఎందుకు, ప్లేయర్ పడినా కింద ఇసుక మోసే మనిషి ప్రాణం పోతుంది. ఆ తాడును బెల్టుకు కట్టు, కింద పడకుండా ఒంటికి తగిలించుకున్న సేఫ్టీ హార్నెస్ పట్టీలకు కట్టకు. నిచ్చెన ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పైకెక్కాక తాడు వేసి బకెట్ లాక్కో.

సామాను పోతుందన్న భయంతోనే చాలామంది అన్నీ ఒంటికి కట్టుకు తిరుగుతారని నాకు తెలుసు. ఆ భయం నిజమే, సైటులో టీ తాగి వచ్చేలోపు డ్రిల్లు మాయమవుతుంది. అయినా ఏడెనిమిది కిలోలు రోజంతా నడుముకు కట్టుకోవడం దానికి మందు కాదు. తాళం వేసే ఇనుప పెట్టె ఒకటి తెచ్చుకో, అంతస్తు మేస్త్రితో మాట్లాడి పక్కా చోట పెట్టించు. పిడులన్నిటికీ ఒకే రంగు టేపు చుట్టు, ఎవరి చేతిలో ఉన్నా దూరం నుంచే గుర్తుపడతావు.

బకెట్‌కు డబ్బు పెట్టకు. పెయింటు వాళ్లు పారేసే 20 లీటర్ల బకెట్ కడుక్కో, లోపల అంచు చుట్టూ గుడ్డ జేబులు కుట్టించు. పిడి చేతిలో కోసుకోకుండా పాత పైపు ముక్క తొడుగు, నడుస్తూ చెయ్యి మారుస్తూ ఉండు.

నీ దగ్గరున్న సామాన్ల జాబితా రాసి పంపు. ఏది నడుముకు, ఏది బకెట్‌లోకి, ఏది పెట్టెలోకి అని గుర్తులు పెట్టి వెంటనే తిప్పి పంపుతాను. బెల్టు మాత్రం ఆ జాబితా చేరేదాకా కొనకు. అక్కయ్యకు నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు.

నీ బావ