పైలట్ల కొరతే ఉంటే లైసెన్స్ ఉన్నవాళ్లు ఇంట్లో ఎందుకున్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

వరంగల్ దగ్గర రాబోతున్న మామునూరు విమానాశ్రయం మీద మీ జిల్లా పేజీలో వచ్చే వార్తలన్నీ చదువుతున్నాను. నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్, శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం, 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన అనుమతి, నక్కలపల్లి, గుంటూరుపల్లి రైతుల భూములు, అన్నీ రాశారు. నా పేచీ ఒక్క మాటతోనే. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కంపెనీ ఏదైనా సర్వీసు ఎత్తేస్తే 'పైలట్ల కొరత' అని ఒక ముక్క రాసి వదిలేస్తున్నారు. రేపు మామునూరు నుంచి ఏటీఆర్ అనే చిన్న విమానం మొదలై ఏడాది తిరక్కుండా ఆగిపోతే అప్పుడూ అదే ముక్క రాస్తారేమోనని ముందుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అన్న బిడ్డ దగ్గర సీపీఎల్ ఉంది. అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్. ఇంటర్ ఎంపీసీ తర్వాత నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు, క్లాస్ వన్ మెడికల్, 200 గంటల ఫ్లయింగ్. ఇవన్నీ అయ్యేసరికి పరకాల దగ్గర మా అన్నకున్న పొలంలో సగం పోయింది, ఇంటి మీద బ్యాంకు అప్పు మిగిలింది. ఇప్పుడు ఆ అమ్మాయి హన్మకొండలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. ఊరికే దాచుకుంటే నిలిచే కాగితం కూడా కాదది. మెడికల్ ఏటా చేయించాలి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత, రెన్యువల్ చేయించాలి. ప్రతిదానికీ డబ్బే.

అలాగని ఎవరూ పిలవలేదని కాదు. ఒక ప్రాంతీయ విమాన సంస్థ పిలిచింది. టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే ప్రత్యేక శిక్షణ, సొంత ఖర్చుతో చేసుకోమన్నారు. 20 లక్షల దాకా అవుతుందట. విమానంలో కూర్చున్నాక కూడా ట్రైనింగ్ పూర్తయ్యేదాకా స్టైపెండే. పైన కొన్నేళ్ల బాండ్. "కాకా, గది కిరాయి, అప్పు కిస్తీ పోను నాకు మిగిలేది ఇప్పుడు పాఠాలు చెప్పి మిగుల్చుకుంటున్న దానికన్నా తక్కువే" అంది. కాగితం తీసుకుని లెక్క వేశాను. తేడా రాలేదు. ఆమె వెళ్లలేదు. ఆ కంపెనీ పుస్తకాల్లో ఆ సీటు 'కొరత' కింద పడి ఉంటుంది.

నేను బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసి రిటైరైన మనిషిని. ఈ కొరత మాట అద్దె బస్సుల ఓనర్ల నోట చాలా విన్నాను. కోతల సీజన్ రాగానే "డ్రైవర్లు దొరకడం లేదు సార్" అనేవాళ్లు. డ్రైవర్లు ఎక్కడికీ పోలేదు, బత్తా ఎక్కువిస్తున్న వరికోత మిషన్ల మీద ఉన్నారు. ఓనర్ బత్తా పెంచితే వారం లోపల తిరిగొచ్చేవాళ్లు.

విమానాలకూ ఇదే లెక్క వర్తిస్తుందా అన్నదానికి అమెరికా అనుభవం ఉంది. 2009 ఫిబ్రవరిలో కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ విమానం బఫెలో దగ్గర కూలి 50 మంది చనిపోయారు. ప్రమాదానికి కారణం కెప్టెన్ తప్పుగా స్పందించడమేనని విచారణలో తేల్చారు. కానీ ఆ విచారణలోనే ఇంకో సంగతి బయటపడింది. కో-పైలట్ వయసు 24, ఏడాదికి జీతం 16 వేల డాలర్ల చిల్లర. డ్యూటీ ఎక్కాల్సింది దేశానికి తూర్పు కొసన, ఆమె ఉండేది పడమటి కొసన సియాటెల్‌లో అమ్మానాన్నల ఇంట్లో. రాత్రంతా వేరే విమానాల్లో ప్రయాణం చేసి వచ్చి డ్యూటీ ఎక్కింది. తర్వాత చట్టం మారి, 2013 నుంచి కో-పైలట్లకూ 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు. ప్రాంతీయ సంస్థలు ఆ నిబంధనను చూపించి కొరత అని గగ్గోలు పెట్టాయి. 2014లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ పరిశీలిస్తే, కొరత ఉంటే పెరగాల్సిన పైలట్ జీతాలు అంతకుముందు పదేళ్లకు పైగా తగ్గుతూ వచ్చాయని తేలింది. 2022లో కొన్ని ప్రాంతీయ సంస్థలు కొత్త కో-పైలట్ల జీతం బోనస్‌తో కలిపి గంటకు 90 డాలర్ల దాకా పెంచాయి. ఇవ్వలేమన్న జీతం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకే తెలియాలి.

మన దగ్గర 2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. అప్పటిదాకా ఒక్క ఏడాదిలో అన్ని ఇవ్వలేదు. విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు వచ్చే 15, 20 ఏళ్లలో 30 వేల మంది పైలట్లు కావాలంటున్నారు. అది ఆర్డర్ ఇచ్చిన విమానాలను బట్టి వేసిన రేపటి లెక్క. ఇలాంటి అంకెలు చూసే మా అన్న పొలం అమ్మాడు. అనుభవమున్న కెప్టెన్లు తక్కువన్నది నిజమే, కాదనను. కానీ కో-పైలట్‌గా గంటలు పోగు చేయనిస్తేనే కదా కెప్టెన్ తయారయ్యేది? 1,500 గంటలు లేనిదే కెప్టెన్‌కు కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్స్ రాదు. మొదటి మెట్టు మీదే 20 లక్షలు అడిగితే ఎందరు ఎక్కుతారు?

ప్రాంతీయ విమానాల్లో ఇంకో ఇబ్బంది ఉంది, డ్యూటీ చార్టు వేసినవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. ఏటీఆర్‌లో సీట్లు 70కి అటూ ఇటూ, పెద్ద ఎయిర్‌బస్‌లో 180. రెండిట్లోనూ పైలట్లు ఇద్దరే. ఫ్లయింగ్ అలవెన్స్ విమానం కదిలిన గంటలకే లెక్క కడతారు. చిన్న దూరాలకు రోజుకు నాలుగైదుసార్లు ఎగిరి దిగే పైలట్‌కు పని ఎక్కువ, లెక్కలోకి వచ్చే గంటలు తక్కువ. మధ్యలో ఎయిర్‌పోర్టులో కూర్చున్న సమయం ఎవరి ఖాతాలోనూ ఉండదు. అందుకే గంటలు రాగానే పెద్ద కంపెనీకి వెళ్లిపోతారు. వెళ్లకుండా ఆపడానికి నోటీసు పీరియడ్ ఉంది. 2017లో డీజీసీఏ దాన్ని కెప్టెన్‌కు ఏడాది, కో-పైలట్‌కు ఆరు నెలలు చేసింది. ఇంకే ఉద్యోగంలోనైనా ఇంత నోటీసు ఉందా? 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది ఆ గడువు పూర్తి చేయకుండానే వెళ్లిపోతే కంపెనీ కోర్టుకెక్కింది.

2025 డిసెంబర్‌లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు మా వీధిలో పెళ్లివారు కూడా శంషాబాద్‌లో చిక్కుకున్నారు. ఆ రద్దులకు కారణమని చెప్పిన, పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచే నిబంధన, రాత్రి ల్యాండింగ్‌లు తగ్గించే నిబంధన 2024 జనవరిలోనే తెలుసు. విశ్రాంతి పెరిగితే మనుషులు పెరగాలి. డిపో గుమాస్తాకు తెలిసిన లెక్క అది. చివరికి మనుషుల్ని పెంచే బదులు కొన్నాళ్లు నిబంధనే సడలించారు.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపించడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకే అమ్మాలని రాశారు, కంపెనీకి మూడేళ్లు సబ్సిడీ రాశారు. నడిపేవాడికి కనీసం ఎంత ఇవ్వాలో ఒక్క వాక్యం రాయలేదు. కాగ్ నివేదిక ప్రకారం మూడో విడత దాకా కేటాయించిన 774 రూట్లలో సబ్సిడీ గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నిలిచినవి 54. హైదరాబాద్ కేంద్రంగా కడప, నాందేడ్‌లకు తిరిగిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది.

మామునూరు నుంచి మొదటి సర్వీసు ప్రకటించేనాడు ప్రెస్‌మీట్‌కు మీ విలేకరి ఎలాగూ వెళ్తారు. టికెట్ ధర వాళ్లే చెబుతారు. కో-పైలట్‌కు మొదటి ఏడాది చేతికి వచ్చేది ఎంత, టైప్ రేటింగ్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, బాండ్ ఎన్నేళ్లు అన్నవి కూడా అడగమనండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదనే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డిపో గుమాస్తా, హన్మకొండ

(పేరు వేయవద్దని మనవి. అమ్మాయి ఇంకా దరఖాస్తులు పెట్టుకుంటోంది.)