బొమ్మలోని ఊరికి అరుగేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం మీరు వేసిన భవిష్యత్ నగరాల బొమ్మలు చూశాను. గాజు మేడలు, ఎగిరే కార్లు, ముప్పయ్యో అంతస్తులో మామిడిచెట్టు. మా మనవడు ఆ పేజీ చింపి గోడకి అంటించుకున్నాడు కూడా. కానీ ఆ గీసినవాళ్లెవరో రేపటికి వెళ్లి చూసొచ్చినట్టు రాశారు చూడండి, అక్కడే నాకు పేచీ.

లాస్ ఏంజెలెస్‌లో బ్రాడ్‌బరీ బిల్డింగ్ అని ఒకటుంది, 1893లో కట్టారు. బయటికి మామూలు ఇటుకల కట్టడమే, లోపల మాత్రం ఐదంతస్తుల మేర నడిమంతా ఖాళీ, పైన గాజు కప్పు, చుట్టూ పనితనం ఉన్న ఇనుప కటకటాలు. 2000 సంవత్సరం ఎలా ఉంటుందో ఊహిస్తూ 1888లో వచ్చిన ఒక నవల చదివి, అందులోని హాలును మనసులో పెట్టుకుని దీన్ని గీశారని చెబుతారు. ఆ తర్వాత 1982లో ‘బ్లేడ్ రన్నర్’ సినిమా తీసినవాళ్లకి 2019 నాటి నగరం కావాల్సొచ్చి ఈ భవనంలోకే కెమెరా పట్టుకెళ్లారు. అప్పటికే దాదాపు తొంభై ఏళ్ల పాత ఇల్లండీ అది!

అంటే ఊహకి కూడా ఎవరిదో ఒకరి ఇల్లు అరువు కావాలి. మరి మనం ఎప్పుడూ వాళ్ల ఇళ్లే ఎందుకు అరువు తెచ్చుకోవాలి?

మా బరంపురంలో ఓ అపార్ట్‌మెంట్ హోర్డింగ్ పెట్టారు, అందులోని మేడ కింది నుంచి పైదాకా గాజే. సముద్రం ఇక్కడికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. 2013 అక్టోబర్ 12 రాత్రి పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి. మాది రైలు పెట్టెలాంటి పాత ఇల్లు, వెడల్పు తక్కువ, పొడవెక్కువ, రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలే. నడిమి గదికి కిటికీ లేదని ఏళ్ల తరబడి సణిగిన మేమే ఆ రాత్రి తొమ్మిదిమందిమి అందులో ముడుచుకుని కూర్చున్నాం. వీధి తలుపు గడియ టకటకా కొట్టుకుంటూనే ఉంది, దీపం మాత్రం ఆరలేదు. తెల్లారాక వీధి వీధంతా అరుగుల మీదే, తడిసిన బియ్యం ఆరబోసుకుంటూ.

అన్నీ మంచివే అనను, వేసవిలో ఆ గదిలో ఉడికిపోతాం.

ఈసారి అలాంటి పేజీ వేసేముందు మీ ఆర్టిస్టుని ఓసారి మా వీధికి పంపండి. కొలతలు తీసుకోవడానికి టేపు నా దగ్గరుంది, టిఫిను మా ఇంట్లోనే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా