చిన్నాన్నతో మళ్ళీ మాట్లాడే ముందు

బరంపురం,
2025 సెప్టెంబరు 14

అమ్మలూ,

నువ్వు వైజాగ్ వెళ్ళి వారం కావస్తోంది. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం గాని, గ్రహణం రోజు నీకూ చిన్నాన్నకూ అయిన గొడవ సంగతి రాగానే ఇద్దరం వేరే కబురులోకి వెళ్ళిపోతున్నాం. ఫోన్లో అయితే నేను మాట పూర్తి చేసేలోపే నువ్వు జవాబు చెప్పేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. చదివాక కోపం వస్తే మర్నాడు మళ్ళీ ఒకసారి చదువు.

గ్రహణం గురించి నువ్వు చెప్పింది నిజం. భూమి నీడ చంద్రుడి మీద పడినంత మాత్రాన వండిన అన్నం విషం అయిపోదు. అన్నం పాడయ్యేది వేడికి, తేమకి, ఎక్కువసేపు మూత పెట్టి వదిలేసినందుకు. ఇన్నేళ్ళు ల్యాబ్‌లో పనిచేసిన నాకు ఆ విషయంలో రెండో అభిప్రాయం లేదు. నాకు బాధ కలిగింది నువ్వు వాదించిన తీరు చూసి.

ఆ మధ్యాహ్నం ఒంటిగంట కాకముందే, గ్రహణానికి ముందు పాటించే సూతకం పట్టిందని మామ్మ ఊరగాయ జాడీల మీద, పాలగిన్నెలో దర్భపుల్లలు వేసింది. నువ్వు వాటిని తీసి పక్కన పడేసి, ఈ గడ్డి పుల్ల ఏం ఆపుతుందని అడిగావు. చిన్నాన్న అందుకుని, మన పూర్వులకు తెలియని సైన్సు లేదు, అంతా వేదాల్లోనే ఉందన్నాడు. పంచాంగం అంతా చెత్త అన్నావు నువ్వు. అక్కడి నుంచి ఇద్దరూ చంద్రుణ్ణి వదిలేసి ఒకరినొకరు పట్టుకున్నారు. నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివితే పెద్దవాళ్ళు లెక్కలేకుండా పోతారా అని అతను, చదువుకోనివాళ్ళతో మాట్లాడటం టైమ్ వేస్టని నువ్వు. చిన్నాన్న టెన్త్‌తో చదువు ఆపేసి పట్టుచీరల కొట్లో కూర్చున్నది తాతగారి అప్పులు తీర్చడానికి. ఆ మాట అతనికి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. రాత్రి భోజనం మానేసింది గ్రహణం వల్ల కాదు.

మీరిద్దరూ అలా అరుచుకుంటున్నప్పుడు పక్కింట్లో ఏం జరుగుతోందో మీకు తెలియదు. పక్కింటి మావుసీ కోడలికి ఏడో నెల. మధ్యాహ్నం నుంచి ఆ పిల్లను తలుపులు వేసిన గదిలో పడుకోబెట్టారు. మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్నారు. గ్రహణం విడిచేది అర్ధరాత్రి దాటి 1:26కి. అంటే పన్నెండు గంటల పైమాటే, అదీ ఈ సెప్టెంబరు ఉక్కలో. మామ్మ దర్భపుల్లల వల్ల మనింట్లో ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ గదిలో మాత్రం ఇద్దరి ప్రాణాలకు నష్టం ఉంది. వాదించాల్సిన చోటు అది.

నేను వెళ్ళి కూర్చున్నాను. రాహువు ఉన్నాడా లేడా అన్న చర్చ ఎత్తలేదు. పిల్లలకు, ముసలివాళ్ళకు, ఒంట్లో బాగాలేనివాళ్ళకు ఈ పట్టింపుల్లో సడలింపు ఉందని పెద్దలే చెప్తారు కదా మావుసీ అన్నాను. కడుపుతో ఉన్న మనిషి నీళ్ళు తాగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు, కళ్ళు తిరగవచ్చు, అలాంటి రిపోర్టులు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్ళాయి అని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత తనే లేచి చెంబులో తులసాకు వేసి నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చింది. తులసాకు ఎందుకని నేను అడగలేదు. ఆ పిల్ల గొంతు తడిసింది, నాకు కావలసింది అదే.

2022 నవంబరు 8 చంద్రగ్రహణం నీకు గుర్తుందా? భువనేశ్వర్‌లో హేతువాదులు గ్రహణం వేళకు బిర్యానీ భోజనాలు పెట్టారు. వ్యతిరేకించేవాళ్ళు వచ్చి పేడ విసిరారు, కొట్లాట అయింది, పోలీసులు దిగారు. తినే హక్కు తిన్నవాళ్ళకు ఉంది, అందులో నాకు అనుమానం లేదు. పేడ విసరడం తప్పు, అందులోనూ లేదు. కానీ ఆ రోజు ఏ గదిలోనైనా ఒక గర్భిణికి గ్లాసుడు నీళ్ళు అందాయా అని నా మనసు అడుగుతూనే ఉంది.

ఇక పంచాంగం చెత్త అన్న మాట. అందులో వారఫలాలు, దిశశూలలు ఉంటాయి, వాటిని నేనూ నమ్మను. కానీ గ్రహణం పట్టే వేళ, విడిచే వేళ అందులో వేసినట్టే జరిగాయి కదా. రాత్రి 9:57కి నీడ తాకడం మొదలైంది, పదకొండు గంటలకు చంద్రుడు పూర్తిగా ఎర్రబడ్డాడు. ఒకే పుస్తకంలో కొలిచి చెప్పినవీ ఉంటాయి, కొలవకుండా చెప్పినవీ ఉంటాయి. రెండూ విడదీసి చూపించి ఉంటే చిన్నాన్న వినేవాడు, ఎందుకంటే అతను లెక్కల మనిషి.

మన ఒడిశాలోనే పుట్టిన పఠాణి సామంత గురించి నువ్వు స్కూల్లో ఒక పాఠం చదివి వదిలేశావు. అసలు పేరు సామంత చంద్రశేఖర్. 1835లో ఖండపడాలో పుట్టాడు. ఇంగ్లీషు చదువు లేదు, టెలిస్కోపు చేతిలో లేదు. సంస్కృతంలో ఉన్న పాత సిద్ధాంతాలు చదువుకుని రాత్రి ఆకాశం చూస్తే, గ్రహాలు లెక్క ప్రకారం ఉండాల్సిన చోట కనబడలేదు. పాత పుస్తకం పవిత్రమైనదే, అయినా కంటికి కనబడింది ఒప్పుకోక తప్పదనుకున్నాడు. వెదురుతో, కర్రతో తనే కొలిచే సాధనాలు చేసుకున్నాడు. ఏళ్ళ తరబడి కొలిచి, లెక్కలన్నీ దిద్ది తాటాకుల మీద శ్లోకాలుగా రాశాడు. ఆ సిద్ధాంత దర్పణం 1899లో కలకత్తాలో అచ్చయింది. చుక్కల మధ్య చంద్రుడు ఒక చుట్టు తిరిగి రావడానికి ఆయన కట్టిన లెక్క 27.32167 రోజులు. ఇప్పటి లెక్క 27.32166. చివరి అంకెలో ఒక్కటి తేడా. పూరీ జగన్నాథుడి సేవలకు వేళలు చూడటానికి ఆయన లెక్కలు పనికొచ్చాయి.

ఇప్పుడు నువ్వు జాగ్రత్తగా వినాల్సిన సంగతి. ఆయన గొప్ప భక్తుడు. భూమి కదలదని నమ్మాడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి, ఆ సూర్యుడు గ్రహాలన్నిటినీ వెంటబెట్టుకుని భూమి చుట్టూ తిరుగుతాడని ఆయన చెప్పిన ఏర్పాటు. అది తప్పు. కానీ ఆ తప్పు వల్ల ఆయన కొలతలు తప్పు కాలేదు. ఆ కొలతలు ఒప్పయినందుకు ఆ నమ్మకమూ ఒప్పు కాలేదు. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి. ఆయన నీ ఎదురుగా కూర్చుని భూమి కదలదని అంటే, చదువుకోనివాళ్ళతో మాట్లాడటం వేస్టని లేచిపోతావా?

చిన్నాన్న మాటకూ జవాబు ఉంది. పూర్వులకు అన్నీ తెలుసు అంటే, ఏ పూర్వులకు అని మెల్లగా అడగాలి. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందనీ అన్నాడు. తరవాత వచ్చిన బ్రహ్మగుప్తుడు అంతటి గణితవేత్త అయ్యుండి, భూమి తిరిగితే ఎత్తైనవన్నీ పడిపోవా అని అడ్డం తిరిగాడు, రాహువును కాదనడం శాస్త్రానికి విరుద్ధం అన్నాడు. వరాహమిహిరుడు జ్యోతిషం రాసినవాడే, గ్రహణానికి కారణం రాహువు కాదు, నీడ అన్నాడు. మన పూర్వులు ఒక్క మాట మీద లేరు అమ్మలూ, వాళ్ళలో వాళ్ళే గట్టిగా వాదించుకున్నారు. ఆ వాదన మనది. అది చిన్నాన్నకు చెప్తే అతని తల ఎత్తుగానే ఉంటుంది, నీ మాటా నిలబడుతుంది.

ఆ రోజు నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మీ ఇద్దరి చేతుల్లోని ఫోన్లు. ఎఐని అడిగాను చూడు అని నువ్వు చూపించావు. చిన్నాన్న కూడా అడిగి తనకు వచ్చింది చూపించాడు. గ్రహణం నియమాలు మూఢనమ్మకమేనా అని నువ్వు అడిగావు, గ్రహణం నియమాల వెనక ఉన్న సైన్సు ఏమిటి అని అతను అడిగాడు. అడిగిన ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. అది మాటల పొందిక చూసి మాటలు అల్లుతుంది, చాలాసార్లు బాగానే చెప్తుంది, ఒక్కోసారి లేనిది కూడా అంతే ధీమాగా చెప్తుంది. ల్యాబ్‌లో మేము పొద్దున్నే పేషెంట్ల రక్తం మెషీన్‌లో పెట్టం. విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ నడుపుతాం. అది సరిగ్గా రాకపోతే ఆ పూట ఒక్క రిపోర్టు కూడా బయటికి వెళ్ళదు. నువ్వు కూడా ఎఐని ముందు నీకు బాగా తెలిసిన సంగతి అడిగి చూడు. అదే ప్రశ్నను ఎదుటి పక్షం అడిగే తీరులో ఒకసారి అడుగు. ఆ తరవాత అది చెప్పింది ఎక్కడ ఉందో వెతికి నీ కళ్ళతో చదువు. రిపోర్టు కింద సంతకం పెట్టిన మనిషి ఉంటారు, తేడా వస్తే వాళ్ళను అడుగుతాం. ఫోన్లో వచ్చిన జవాబు కింద ఎవరున్నారు?

ఈ రాత్రి 12:30 నుంచి 3:30 దాకా కాస్మిక్ కిరణాలు వస్తాయి, ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టండి అని మామ్మకు ఎన్నిసార్లు వచ్చిందో! నువ్వు ప్రతిసారీ ఫేక్ అని కొట్టిపారేస్తావు, మామ్మ ప్రతిసారీ భయపడుతుంది. ఈసారి వస్తే పక్కన కూర్చుని, ఈ రాత్రి అంటే ఏ సంవత్సరం రాత్రో ఇందులో ఉందా మామ్మా అని అడుగు. తనే వెతుక్కుంటుంది.

ఇప్పుడు ఫైలిన్ తుఫాను సంగతి. ఇది నీకు తప్పకుండా చెప్పాలి. 1999 అక్టోబరులో ముందు మన గోపాల్‌పూర్ వైపు ఒక తుఫాను కొట్టింది, రెండు వారాలు తిరక్కుండానే 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ వచ్చింది. సుమారు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ నేరుగా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. చెట్టు నిలవలేదు, కరెంటు స్తంభం నిలవలేదు. కానీ ఒడిశాలో దగ్గర దగ్గర పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు, ప్రాణనష్టం పదుల్లో ఆగింది. అప్పుడు కొందరు విదేశీ నిపుణులు ఇది మళ్ళీ సూపర్ సైక్లోనే, మీవాళ్ళు తక్కువ చేసి చెప్తున్నారని మన వాతావరణ శాఖను విమర్శించారు. వీళ్ళు తమ లెక్క మీదే నిలబడ్డారు. చివరికి వీళ్ళ అంచనాయే నిజమైంది. జరగకముందే అంకెలతో చెప్పారు, తప్పయితే అందరి ముందూ దొరికిపోయేలా చెప్పారు. నాకు తెలిసిన సైన్సు ఇదే.

అవి దసరా రోజులు. ఠాకురాణి అమ్మవారికి దండం పెట్టుకునే చిన్నాన్న మనందరినీ తీసుకుని షెల్టర్‌కు వచ్చాడు. నువ్వు అతని భుజం మీద ఉన్నావు. అమ్మవారు కాపాడిందని అతను ఇప్పటికీ అంటాడు. శాటిలైట్లు కాపాడాయని నువ్వంటావు. అతను అమ్మవారి మీద భారం వేసి ఇంట్లోనే కూర్చుని ఉంటే నేను గొడవ పెట్టుకునేదాన్ని. రేడియోలో హెచ్చరిక రాగానే మూట కట్టిన మనిషితో, తరవాత ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలన్న దాని మీద నాకు వాదన లేదు. 2023లో చంద్రయాన్-3 ఎగరబోయే ముందు ఇస్రోవాళ్ళు చిన్న నమూనా పట్టుకుని తిరుమల వెళ్ళినప్పుడు కూడా నేను అదే చూశాను. ఆగస్టు 23న ల్యాండర్ దిగింది వాళ్ళ లెక్కల మీద. చంద్రయాన్-2 ల్యాండర్ పడిపోయినప్పుడు తప్పెక్కడ జరిగిందో కూర్చుని వెతికినవాళ్ళు వాళ్ళు. దేవుడి మీద తోసేసి వదిలేయలేదు.

నువ్వు వాదించడం మానెయ్యాలని నేను చెప్పడం లేదు. మానేస్తే నాకు దిగులు. పసరు మందు నమ్ముకుని ఇన్సులిన్ ఆపేసినవాళ్ళ షుగర్ రిపోర్టులు చూసినదాన్ని. అలాంటి చోట నువ్వు గొంతు పెంచు, నేను నీ పక్కనే నిలబడతాను.

చిన్నాన్నకు ఫోన్ చెయ్యి. చదువు మాట అన్నందుకు ముందు క్షమాపణ అడుగు, గ్రహణం సంగతి తరవాత. వచ్చే మార్చి 3న మళ్ళీ చంద్రగ్రహణం ఉంది. ఈసారి మన దగ్గర చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు. చంద్రుడు మన మేడ మీద నుంచి ఎన్ని గంటలకు కనబడతాడో, గ్రహణం ఎప్పుడు విడుస్తుందో అతను ఒడియా పంచాంగం, అదే పంజిక, చూసి రాసి ఉంచుతానన్నాడు, నేను అడిగితేనే ఒప్పుకున్నాడు. నువ్వు నీ పద్ధతిలో లెక్క వేసి రాసి పంపు. రెండు కాగితాలూ నా బీరువాలో ఉంటాయి. సెలవు దొరికితే రా, ముగ్గురం చూద్దాం. మామ్మ కూడా మేడ మీదికి వస్తానంటోంది, మెట్లకు చేతికర్ర కొనాలి.

దగ్గు తగ్గిందో లేదో చెప్పలేదు. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో.

మీ అమ్మ