రష్యా వెళ్తానంటున్న మా అమ్మలుకి

ఉక్కునగరం,
విశాఖపట్నం.

అమ్మలూ,

నువ్వు రష్యా చూసొస్తానన్నప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. యుద్ధం చేస్తున్న దేశానికి ఆడపిల్లని ఒక్కదాన్నీ ఎలా పంపుతారని మీ పెద్దమ్మ. రష్యావాళ్లు ఎప్పుడూ మనవైపే కదా, భయం దేనికని మీ బాబాయి. నాకు ఇద్దరి మాటా సగమే అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ దేశమంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదరబట్టే మన స్టీల్‌ప్లాంట్‌కి ఒక రూపం వచ్చింది, మన ఇల్లు గడిచింది. చిన్నప్పుడు విశాలాంధ్రలో చవగ్గా దొరికే సోవియట్ తెలుగు పుస్తకాలతో ఆ మంచు, ఆ బిర్చ్ చెట్లు చూడకుండానే నావైపోయాయి. అయితే కోక్ ఓవెన్స్‌లో మాకు పని నేర్పిన సోవియట్ నిపుణుల్లో ఒకాయనది ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ఖార్కివ్. మేమంతా ఆయన్ని రష్యనే అనుకునేవాళ్లం. 2022 ఫిబ్రవరి నుంచి ఆ ఊరి మీద రష్యా బాంబులు పడుతున్నాయి. టీవీలో ఆ పేరు వినబడితే నాకు అన్నం సహించదు. బీచ్‌రోడ్డులో మనం ఎక్కి చూసిన కురుసుర సబ్‌మెరైన్ కూడా 1969లో మన నేవీలో చేరింది అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో. ఇవాళ రీగా, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో ఉన్న లాట్వియాకి రాజధాని. అందుకే చెప్తున్నా, మీ పెద్దమ్మ భయాన్నే కాదు, నా అభిమానాన్ని కూడా ఇక్కడే వదిలి వెళ్లు. నీ కళ్లతో చూడు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియం ఎలాగూ చూస్తావు. పిస్కర్యోవ్ శ్మశానానికి మాత్రం తప్పకుండా వెళ్లు. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించింది. ఆ మొదటి చలికాలంలో ఒక దశలో ఉద్యోగం లేనివాళ్లకి రోజుకి దొరికింది 125 గ్రాముల బ్రెడ్డు. అలా పోయినవాళ్లలో సుమారు 4,20,000 మంది పౌరుల్ని అక్కడే పూడ్చారు. ఇంత పడ్డ జనం, పక్క దేశం ఊళ్లు కూలుతుంటే ఎలా ఊరుకున్నారని నీకు కోపం రావచ్చు. నాకూ వస్తుంది. కానీ అక్కడ సైన్యం గురించి తప్పుడు సమాచారం చెప్పారంటే 15 ఏళ్ల దాకా జైలు. 2022 మార్చిలో తెచ్చిన చట్టం అది. 2024లో ప్రతిపక్ష నాయకుడు నావల్నీ జైల్లో చనిపోతే, పూలు పెట్టడానికి వెళ్లినవాళ్లని కూడా పట్టుకెళ్లారు.

అందుకని రైల్లోనో హాస్టల్లోనో పరిచయమైనవాళ్లని నలుగురిలో యుద్ధం గురించి అడగకు. నువ్వు విమానమెక్కి వచ్చేస్తావు, వాళ్లు అక్కడే ఉండాలి. వాళ్లంతట వాళ్లు చెప్తే ఓపిగ్గా విను, నీకు నచ్చని మాటైనా సరే. వాళ్ల పేర్లు, ఫొటోలు ఎక్కడా పెట్టకు.

మన బ్యాంకుల వీసా కార్డులు, మాస్టర్ కార్డులు అక్కడ పనిచెయ్యవు, నోట్లు పట్టుకెళ్లాలి. మంచి జీతమంటూ ఎవరైనా రష్యన్‌లో ఉన్న కాగితం మీద సంతకం పెట్టమంటే అక్కణ్ణుంచి వచ్చెయ్. ఉద్యోగమని నమ్మి వెళ్లిన హైదరాబాద్ కుర్రాడొకడు ఆ యుద్ధంలో చనిపోయాడని 2024లో చదివాం కదా. మాస్కోలో మన ఎంబసీ నంబరు ఫోన్లోనే కాదు, కాగితం మీద కూడా రాసుకో.

టికెట్ కొనేముందు ఒకసారి ఇంటికి రా. మీ పెద్దమ్మతో నేను మాట్లాడతాను.

నాన్న