బేకరీ ఓవెన్ల బర్నర్లకు భద్రతా ప్రమాణం తప్పనిసరి చేయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. బేకరీలో ప్రమాదం జరిగినప్పుడల్లా పత్రికల్లో వచ్చే శీర్షిక దాదాపు ఒకటే: 'బేకరీలో పేలిన గ్యాస్ సిలిండర్'. నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ బేకరీ ఓవెన్లు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ని. ప్రమాదం జరిగిన మర్నాడు యజమానులు కబురుచేస్తే వెళ్లి చూసిన చోట్ల చాలావరకు సిలిండర్ చెక్కుచెదరకుండా దాని మూలన అది నిలబడే ఉంది. తలుపు ఊడి ఎదుటి గోడకు కొట్టుకున్నదీ, పైరేకు ఉబ్బి చీలినదీ ఓవెనే. ఇది మాటల తేడాయే కదా అని మీకు అనిపించవచ్చు. సిలిండర్ పేలిందని రాస్తే అది ఎవరి చేతుల్లోనూ లేని దురదృష్టంగా మిగిలిపోతుంది. ఓవెన్ పేలిందని రాస్తే, ఆ ఓవెన్‌ను ఎవరు తయారుచేశారు, అందులో బర్నర్‌ను ఎలా అమర్చారు అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన చిన్న, మధ్య తరగతి బేకరీల్లో బన్ను, బ్రెడ్, ఉస్మానియా బిస్కెట్టు, పఫ్ కాలేది ఎక్కువగా డెక్ ఓవెన్లలో, అంటే ఒకదాని మీద ఒకటిగా అరలు (డెక్‌లు) ఉండే ఓవెన్లలో. వీటిలో చాలావాటిని ఇక్కడి షెడ్లలోనే రేకు వంచి, వెల్డింగ్ చేసి తయారుచేస్తారు. బర్నర్ అంటే ఒక ఇనుప గొట్టం. దానికి వరుసగా డ్రిల్లుతో వేసిన బెజ్జాలు. ఒక చివర గ్యాస్‌ను చిమ్మే సన్నని రంధ్రం (జెట్టు), బయట ఒక నాబ్. బేకరీ మాస్టర్, అంటే ఓవెన్ దగ్గర కాల్చే పనివాడు, నాబ్ తిప్పుతాడు, కాగితం చుట్ట వెలిగించి కిటికీలోంచి లోపల పెడతాడు, మంట అందుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తుంది. పాతికేళ్లు ఓవెన్ ముందు నిలబడిన మాస్టర్ల ముంజేతులు చూడండి, వెంట్రుక ఉండదు. ఒక్కసారి పెద్దగా కాలి పోయినవి కావు అవి, రోజూ కొద్దికొద్దిగా కమిలిపోయినవి.

మంట వెలగడంలో ప్రమాదం లేదు. మంట ఎవరూ చూడకుండా ఆరిపోయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉండటంలో ప్రమాదం ఉంది. సిలిండర్ మార్చేటప్పుడు ఒత్తిడి ఒక్క క్షణం పడిపోయినా, తలుపు విసురుగా వేసినా, ట్రేలోంచి నెయ్యి పొంగి బెజ్జాల మీద పడినా మంట ఆరుతుంది. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. అది పైకి లేచి పొగగొట్టంలోంచి బయటికి పోదు, ఓవెన్ అడుగున పరుచుకుంటుంది. గాలిలో దాని పాలు సుమారు 2 శాతానికి చేరితే చాలు, నిప్పు తగలగానే అంటుకుంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్క తెలిసిన యజమాని తన ఓవెన్‌ను మళ్లీ ఒకసారి చూసుకోకుండా ఉండడు. ఒక డెక్ లోపలి చోటు అర ఘనపు మీటరు, అంటే 500 లీటర్లు అనుకుందాం. అందులో 2 శాతమంటే 10 లీటర్ల గ్యాస్. తూకంలో అది ఇరవై గ్రాముల పైచిలుకు మాత్రమే. గంటకు కిలో పైన గ్యాస్ వాడే బర్నర్ నిమిషానికి ఇరవై గ్రాములు వదులుతుంది. అంటే మంట ఆరిన తర్వాత ఒకటి రెండు నిమిషాలు నాబ్ తెరిచి ఉంటే, ఆ డెక్ పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఆ ఒకటి రెండు నిమిషాల్లో మాస్టర్ మైదా కలుపుతూ ఉంటాడు, లేదా వెనక గదిలో ట్రేలకు నూనె రాస్తూ ఉంటాడు. తిరిగి వచ్చి మంట ఆరిందని చూసి చేసే మొదటి పని కాగితం వెలిగించడం.

నాలుగేళ్ల కిందట ఒక తెల్లవారుజామున ఇదే జరిగింది. ఆ ఓవెన్‌ను అంతకు పదిహేను రోజుల ముందు బాగుచేసినది నేనే. మంటను కనిపెట్టే సెన్సర్ పెట్టించమని చెప్పాను, పండగ సీజన్ అయ్యాక చూద్దామన్నారు, నేనూ సరేనని వచ్చేశాను. విజయనగరం జిల్లా నుంచి పనికి వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రవాడు కింది డెక్ వెలిగించడానికి మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. ముఖం, రెండు చేతులు కాలాయి. నేను ఆసుపత్రిలో చూసినప్పుడు కనురెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. నా గొంతు గుర్తుపట్టి, "అన్నా, నేను నాబ్ సరిగ్గానే తిప్పాను" అన్నాడు. నిజంగా సరిగ్గానే తిప్పాడు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. పనివాడు తప్పేమీ చేయకపోయినా పేలే యంత్రాన్ని అతని చేతికిచ్చి, జాగ్రత్తగా ఉండమని గోడకు బోర్డు తగిలించడం న్యాయం కాదు.

దీనికి కావలసిన పరిజ్ఞానం కొత్తదేమీ కాదు. మంట తనగుండా విద్యుత్తును పారనిస్తుంది. మంటలో ఒక సన్నని లోహపు కడ్డీ ఉంచితే, దాని గుండా మైక్రో ఆంపియర్లలో కొలిచేంత స్వల్పమైన కరెంటు పారుతుంది. మంట ఆరగానే అది ఆగుతుంది. దాన్ని గమనిస్తూ ఉండే కంట్రోలర్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఒక సెకను అటూ ఇటూగా గ్యాస్ వాల్వులను మూయించేస్తుంది. థర్మోకపుల్‌తో, అంటే మంట వేడికి తనే కొద్దిపాటి విద్యుత్తు పుట్టించే కడ్డీతో, పనిచేసే పరికరం దీనికంటే చవక, కరెంటు అవసరమూ లేదు. కానీ దాని కొన చల్లబడాలి కాబట్టి మూసుకోవడానికి కొన్ని పదుల సెకన్లు పట్టవచ్చు. చిన్న బర్నర్‌కు అదైనా చాలు. పెద్ద ఓవెన్‌కు చాలదని పై లెక్కే చెబుతుంది.

కడ్డీని ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. పొడవాటి గొట్టపు బర్నర్‌కు ఒక చివర నిప్పురవ్వ పుట్టించి, ఆ పక్కనే సెన్సర్ పెట్టినవి నేను ఎన్నో చూశాను. ఈ చివర మంట ఉన్నా ఆ చివర వెలగకపోవచ్చు, అక్కడ బెజ్జాల్లోంచి పచ్చి గ్యాస్ వస్తూ ఉండవచ్చు. కాబట్టి వెలిగించేది ఒక చివర ఉంటే, మంటను చూసేది రెండో చివర ఉండాలి. అలాగే గ్యాస్ ఆపే ఆటోమేటిక్ వాల్వు ఒకటి సరిపోదు. అది మూసుకునే చోట (సీటు మీద) ఇసుక రేణువంత చెత్త చిక్కుకున్నా కారుతుంది; వరుసగా రెండు ఉంటే, ఒకటి మొరాయించినా రెండోది ఆపుతుంది.

వెలిగించడానికి ముందు ఓవెన్ లోపలి గాలిని తోడివేయడం మూడో సంగతి. అమెరికాలో పారిశ్రామిక ఓవెన్లకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 86 అనే ప్రమాణం, వెలిగించే ముందు ఓవెన్ లోపలి ఘనపరిమాణానికి కనీసం 4 రెట్ల స్వచ్ఛమైన గాలిని లోపలికి పంపాలంటుంది. బ్లోయర్ ఉన్న ఓవెన్‌లో ఈ పని కంట్రోలరే చేస్తుంది, అది పూర్తయ్యే దాకా గ్యాస్ తెరుచుకోదు. మన డెక్ ఓవెన్లలో బ్లోయర్ ఉండదు కాబట్టి తలుపుకు ఒక స్విచ్చి, దానికి ఒక టైమర్ పెట్టి, తలుపు కొన్ని నిమిషాలు తెరిచి ఉంటేనే బర్నర్ వెలిగేలా చేయవచ్చు. బ్లోయర్‌తో సమానమని అనను, కానీ ఏమీ లేకపోవడం కంటే ఎన్నో రెట్లు మేలు.

ఇక ఆ డ్రిల్లు బెజ్జాల సంగతి. గ్యాస్, గాలి ముందే కలిసి వచ్చే బర్నర్‌లో, నాబ్ తగ్గించినప్పుడు బయటికి వచ్చే వేగం మంట పాకే వేగం కంటే తగ్గితే, మంట గొట్టం లోపలికి వెనక్కి లాగుతుంది. 'టప్'మన్న చప్పుడు, ఆ వెంటనే జెట్టు దగ్గర మంట. సుమారు 2 మిల్లీమీటర్ల కంటే సన్నని సందులోంచి ఈ మంట దాటలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న లోహం దాని వేడిని లాగేస్తుంది. బొగ్గుగనుల కోసం 1815లో హంఫ్రీ డేవీ తీగవల చుట్టిన దీపం తయారుచేసింది ఈ సూత్రంతోనే. పెద్ద బిస్కెట్ ఫ్యాక్టరీల్లో వాడే రిబ్బన్ బర్నర్లలో అలలుగా వంచిన స్టీలు పట్టీల మధ్య సన్నని సందుల్లోంచే మంట వస్తుంది. అది పొడవునా ఒకేలా నిలబడుతుంది, సులభంగా వెనక్కి లాగదు. మన షెడ్లలో మాత్రం బెజ్జం పూడిపోయిందని పెద్ద బిట్టుతో మళ్లీ తొలుస్తారు. పూడిపోయిన బెజ్జం కంటే అలా పెద్దదైపోయిన బెజ్జమే ఎక్కువ ప్రమాదం.

ఇంతవరకు రాసినదంతా తయారీదారుల గురించి. మా మెకానిక్‌ల గురించి కూడా రాయకపోతే తప్పవుతుంది. సెన్సర్ ఉన్న ఓవెన్లు కూడా ప్రమాదానికి గురవుతాయి, కారణం మా భాషలో 'డైరెక్ట్ చేయడం'. మైదా ధూళి, కాలిన చక్కెర పొగ కడ్డీ మీద పేరుకుంటే సిగ్నల్ తగ్గి, మంట ఉన్నా ఓవెన్ ఆగిపోతుంది. బేకరీలో తెల్లవారేలోగా నాలుగు వందల బన్నులు దిగాలి. ఫోన్ వస్తుంది, మెకానిక్ వెళ్తాడు, సెన్సర్‌ను తప్పించి వాల్వుకు నేరుగా కరెంటిచ్చి వచ్చేస్తాడు. రేపు వచ్చి సరిచేస్తానంటాడు, ఆ రేపు రాదు. దీన్ని మెకానిక్ నిర్లక్ష్యం అని తిట్టి వదిలేస్తే సమస్య తీరదు. రెండు బోల్టులు, ఒక ప్యానెల్ విప్పితే తప్ప అందని చోట కడ్డీని బిగించిన డిజైన్‌లోనే ఆ డైరెక్ట్ చేయడానికి బీజం ఉంది. పనివాడు వారానికోసారి ముందు నుంచే బయటికి లాగి, తుడిచి, తిరిగి పెట్టగలిగేలా ఉంటే ఎవరూ దాన్ని తప్పించరు. ఓవెన్ ఎందుకు ఆగిందో చెప్పే చిన్న దీపం కూడా ఉండాలి. వెలిగించే ప్రతిసారీ, గ్యాస్ తెరవక ముందే మంట ఉన్నట్టు సిగ్నల్ వస్తోందేమో కంట్రోలర్ చూసుకోవాలి. వస్తే వెలగడానికి నిరాకరించాలి. ఎవరో మంట ఉన్నట్టు దొంగ సిగ్నల్ ఇచ్చి పెడితే ఆ ఓవెన్ మర్నాడు వెలగదు. ఐరోపాలో బర్నర్ కంట్రోలర్లకు ఇలాంటి తనిఖీలు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఈ విషయం ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. బేకరీలు కట్టెల బట్టీల నుంచి గ్యాస్‌కు మారుతున్నాయి. ముంబయిలో కట్టెలు, బొగ్గు వాడే బేకరీలు ఆరు నెలల్లో గ్యాస్‌కో మరో శుభ్రమైన ఇంధనానికో మారాలని బాంబే హైకోర్టు 2025 జనవరిలో ఆదేశించింది. పొగ తగ్గడం మంచిదే, నేను వ్యతిరేకిని కాను. అయితే కట్టెల బట్టీ ఆరితే చల్లారుతుంది, గ్యాస్ బట్టీ ఆరితే నిండుతుంది. తరాలుగా మొదటిదానికి అలవాటుపడిన చేతులకు రెండోది అప్పగిస్తున్నాం. మన నగరాల్లో సిలిండర్ నుంచి పైపు గ్యాస్‌కు మారే బేకరీలూ పెరుగుతున్నాయి. పైపు గ్యాస్ గాలికంటే తేలిక, దానికి జెట్టు బెజ్జం పెద్దదిగా ఉండాలి. సరఫరా ఆగిందని అదే జెట్టుకు మళ్లీ సిలిండర్ తగిలిస్తే మంట పసుపుపచ్చగా మారి మసి కడుతుంది, దానితోపాటు కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గ్యాస్ లీకును పసిగట్టే అలారం ఎల్పీజీకి నేల దగ్గర, పైపు గ్యాస్‌కు పైకప్పు దగ్గర ఉండాలన్నది కూడా ఇంధనం మార్చేవాళ్లు మరిచిపోతున్నారు.

2023 డిసెంబరులో హైదరాబాద్ శివారు గగన్‌పహాడ్‌లో ఒక బేకరీ వంటశాలలో గ్యాస్ లీకై మంటలు లేచి పదిహేను మంది వరకు కార్మికులు గాయపడ్డారు. అంత పెద్ద చోట జరిగింది కాబట్టి అందరికీ తెలిసింది. అయిదారుగురు పనిచేసే గల్లీ బేకరీలో జరిగితే జిల్లా పేజీలో నాలుగు వరుసలు వస్తాయి. చట్టం చూపు కూడా అక్కడిదాకా వెళ్లదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, కరెంటు వాడే చోట 10 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ఇన్‌స్పెక్టర్ వెళ్లని చోట కార్మికుణ్ని కాపాడగలిగేది ఆ ఓవెన్‌లోనే ఉండే రక్షణ ఒక్కటే. కాబట్టి తనిఖీ బేకరీ దగ్గర కాకపోయినా తయారయ్యే షెడ్డు దగ్గర జరగాలి.

మనం ఇంట్లో వాడే రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యికి ఐ.ఎస్. 4246 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయి. దానికంటే ఎన్నో రెట్ల గ్యాస్ మండించే, ఇక్కడి షెడ్లలో తయారై నా చేతికి మరమ్మతుకు వచ్చిన ఓవెన్లలో చాలావాటి మీద తయారీదారు ఫోన్ నంబరు తప్ప మరే గుర్తూ లేదు. మంట ఆరితే గ్యాస్ ఆగే ఏర్పాటు, రెండు వాల్వులు, వెలిగించే ముందు గాలి మార్పు లేని గ్యాస్ ఓవెన్ అమ్మకానికి రాకుండా భారతీయ ప్రమాణాల సంస్థ, రెండు తెలుగు రాష్ట్రాల పరిశ్రమల శాఖలు నిబంధన తేవాలి. ఇప్పటికే వాడుకలో ఉన్నవాటికి గడువిచ్చి, చిన్న పరిశ్రమలకు ఇచ్చే రాయితీల్లో ఈ పరికరాల ఖర్చునూ చేర్చాలి. ఐటీఐల్లో గ్యాస్ బర్నర్ల మరమ్మతు మీద ఒక చిన్న కోర్సు పెడితే మా వృత్తిలోకి వచ్చే కుర్రాళ్లు నాలాగా కాలిన ఓవెన్ల దగ్గర నేర్చుకోవలసిన అవసరం ఉండదు.

చివరగా మీ విలేకరులకు ఒక విన్నపం. ఇకమీదట బేకరీలో పేలుడు జరిగిన చోటికి వెళ్లినప్పుడు దయచేసి రెండు ప్రశ్నలు అడగండి: ఓవెన్‌లో మంటను కనిపెట్టే సెన్సర్ ఉందా? ఉంటే, దాన్ని ఎవరైనా డైరెక్ట్ చేశారా? జవాబు ఏదైనా వార్తలో రాయండి.

భవదీయుడు,
ఒక బేకరీ ఓవెన్ మెకానిక్,
హైదరాబాద్