పగిలిన స్టవ్ గురించి

చిట్టితల్లీ,

నీ అద్దె ఇంట్లోని కరెంటు స్టవ్ పై గాజు పగిలిందని నువ్వు పంపిన ఫొటోను రాత్రి పెద్దది చేసి చూశాను. పై అరలోంచి సీసా జారిపడ్డ చోట గోరంత తెల్లని మచ్చ, అక్కడి నుంచి అంచు దాకా రెండు సన్నని బీటలు. ముందు ఆ స్టవ్‌కు కరెంటు వచ్చే మెయిన్ స్విచ్ ఆపెయ్యి. పక్క పొయ్యి బాగానే వేడెక్కుతోంది కదా అని వాడకు. పొంగిన నీళ్లు బీటలోంచి లోపలి తీగల మీదికి దిగితే షాక్ కొట్టవచ్చు.

"కావాలని చేయలేదు కదా నాన్నా, డబ్బు నేనెందుకు కట్టాలి?" అన్నావు. కావాలని చేయలేదు, నిజమే. కానీ ఆ సీసా జారింది ఇంటి యజమాని చేతిలోంచి కాదు. వాడగా వాడగా గాజు మీద పడే గీరలు మామూలు అరుగుదల, వాటికి నువ్వు బాధ్యురాలివి కావు. దెబ్బ తగిలి పగలడం వేరు. దానంతటదే పగిలిందని మాత్రం చెప్పకు. ఆ రకం గాజు ఎంత వేడెక్కినా దాదాపు వ్యాకోచించదు, అందుకే వేడికి పగలదు. గట్టి వస్తువు ఒకే చోట పడితేనే తట్టుకోలేదు. ఆ తెల్లమచ్చ చూడగానే మెకానిక్ పట్టేస్తాడు.

మీ అమ్మా నేనూ కాపురం పెట్టిన కొత్తలో, అద్దె ఇంట్లో నా చేతిలోని సుత్తి జారి వాష్ బేసిన్ బీటవారింది. బీట మీద సబ్బుపెట్టె పెట్టి ఐదు నెలలు దాచాను. ఇంటాయన గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. ఈలోగా కారిన నీళ్లకు కింది చెక్క అర ఉబ్బిపోయింది. బేసిన్‌తో పోవాల్సింది, అరకు కూడా కట్టాను. "అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదా బాబూ" అని ఆయన నెమ్మదిగా అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అలాగని మీ ఇంటి యజమాని అడిగినంతా కట్టేయకు. స్టవ్ ఎప్పుడు కొన్నారో అడుగు. పదేళ్లు మన్నే వస్తువు ఏడేళ్లు వాడాక పగిలితే, మిగిలిన మూడేళ్ల విలువే నీ వంతు. పాతదాని బదులు కొత్తదాని పూర్తి ధర అడగడం న్యాయం కాదు. పై గాజు ఒక్కటే విడిగా దొరుకుతుందేమో కనుక్కోమను. డిపాజిట్‌లోంచి కోస్తానంటే బిల్లు చూపించమను. నీ బీమా పాలసీ కూడా ఒకసారి తీసి చదువు. నీ సొంత సామానుకే వర్తిస్తుందా, అద్దె ఇంటి వస్తువులకు జరిగే నష్టానికీ వర్తిస్తుందా అన్నది చూడు. ఆయన ఒప్పుకోకుండా నువ్వే ఎవరినో పిలిచి బాగుచేయించకు.

ఈ రోజే ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పు. ఆ వెంటనే అదే మాట తేదీతో, ఫొటోతో రాసి పంపు. ఏమన్నారో రాత్రికి నాకు చెప్పు. పై అరలో బరువైన సీసాలు ఇంకా ఉంటే, ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వాటిని కిందికి దించు.

నాన్న