ముందు ఒక జమాఖర్చుల పుస్తకం

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది బొమ్మలమీద బతకడం ఏమంత సవ్యంగా సాగలేదనీ, ఆర్డర్లు పలచబడ్డాయనీ, డబ్బు ఇవ్వవలసినవాళ్ళు ముఖం చాటేస్తున్నారనీ రాశావు. అందుకని ఇంతకాలం నిన్ను నిలబెట్టిన పోర్ట్రెయిట్లను పూర్తిగా మానేసి, గది మార్చి, శైలి మార్చి, అన్నీ మొదటినుంచి మొదలుపెడతానంటున్నావు. మళ్ళీ మొదలుపెట్టాలన్న నిర్ణయం నాకు నచ్చింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్న దగ్గరే నీతో నాకు పేచీ.

నువ్వు పంపిన ఫోటోలను తీరిగ్గా చూశాను. ఆ ముసలాయన బొమ్మలో చెవి కింది నీడకు నల్లరంగు జోలికి పోకుండా, ముదురు ఆకుపచ్చలో కాస్త ఎరుపు కలిపి, దాన్ని మెడ దాకా పలచగా లాగి వదిలేశావు. అంత నిబ్బరంగా నీడ వేయగలిగిన మనిషికి ఇప్పటికిప్పుడు శైలితో తగాదా పెట్టుకోవలసిన అవసరం లేదు. నీ చెయ్యి చెడలేదు, తల్లీ. చెడినదల్లా బొమ్మ చుట్టూ ఉండే వ్యవహారం. బేరం, బయానా, గడువు, లెక్కలు, నిద్ర, ఇవన్నీ ఒకదానితో ఒకటి చిక్కుపడిపోయాయి. ఆ చిక్కు విప్పకుండా శైలి మారిస్తే, కొత్త శైలిలో అవే పాత బాకీలు మిగులుతాయి.

అందుకే ముందు ఒక జమాఖర్చుల పుస్తకం కొనుక్కో. కళాకారుడికి లెక్కలేమిటని నవ్వేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ సంగతి చెప్పు. చక్రవర్తి మాక్సిమిలియన్ 1519లో కన్నుమూయడంతో ఏటా డ్యూరర్‌కు ఆయన దగ్గరనుంచి అందే భృతి సందిగ్ధంలో పడింది. దాన్ని కొత్త చక్రవర్తి ఐదవ చార్లెస్ చేత ఖాయం చేయించుకోవడానికి డ్యూరర్ 1520లో భార్యను వెంటబెట్టుకుని నెదర్లాండ్స్ బయలుదేరాడు. తన అచ్చు చిత్రాల కట్టలు వెంట తీసుకుపోయి, దారి పొడవునా అమ్ముకుంటూ, పనికొస్తారనుకున్నవారికి కానుకగా ఇస్తూ, ఏ చిత్రం ఎవరికి పోయింది, భోజనానికి ఎంత అయింది, ఆటలో ఎంత పోయింది అన్నవన్నీ పద్దు రాసుకున్నాడు. అప్పటికే ఖండమంతా పేరు మోగిపోయిన మనిషి, జూదంలో పోయిన చిల్లరను కూడా దాచుకోకుండా రాశాడు. చివరికి లెక్క చూసుకుని, ఆ దేశంలో తాను చేసిన వ్యవహారాలన్నిటిలో తనకు నష్టమే మిగిలిందని కూడా రాసుకున్నాడు. అది తెలిసింది పద్దు ఉండబట్టే.

నీ పుస్తకంలో ప్రతి ఆర్డరుకూ ఒక పేజీ వదులు. కొలత, సామగ్రి ఖర్చు, బయానా, రావలసిన మిగతా సొమ్ము ఎలాగూ రాస్తావు. వాటి పక్కన ఒక గడి గీసి, ఆ బొమ్మకు పట్టిన గంటలు రాయి. ముఖానికి వేరుగా, బట్టల మడతలకు వేరుగా, వెనక గోడకు వేరుగా, వేయించుకున్నవారు మనసు మార్చుకుని మార్పులు చేయించిన గంటలు వేరుగా రాయి. కొన్ని నెలలు రాశాక తిరగేసి చూస్తే, నిన్ను అలసిపోయేలా చేసింది పోర్ట్రెయిట్లో, లేక ఉచితంగా చేసిపెట్టిన మార్పులో నీకే తేలిపోతుంది. నా అనుమానం రెండోదాని మీదే. ముఖం వేయడానికి నువ్వు ఎన్నడూ విసుక్కోగా నేను చూడలేదు. "ఆ వెనక రంగు కాస్త మారిస్తే బాగుంటుందేమో" అన్న మాట వినబడగానే నీ ముఖం మాడిపోతుంది.

ఇక మొహమాటం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అలాంటిది బొమ్మ వేయించుకునేవాళ్ళు తమంతట తామే డబ్బు తెచ్చిపెడతారని ఎలా అనుకుంటావు? వారిలో చెడ్డవాళ్ళు తక్కువే, మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. నా దగ్గర బొమ్మ వేయించుకున్న ఒక పెద్దమనిషి, దాన్ని ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపించి మెచ్చుకుంటూ, నాకు మాత్రం నెలల తరబడి కనబడకుండా తిరిగాడు. చివరికి ఆయన సంతకం పెట్టిన కాగితమే నా డబ్బు నాకు ఇప్పించింది. కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే ఒక కాగితం రాసుకో. ఏ ఫోటో చూసి వేస్తావు, ఎంత కొలత, బయానా ఎంత, మిగతాది బొమ్మ చేతికి ఇచ్చేముందే ముట్టాలన్న మాట, ఎన్ని మార్పుల వరకు ఉచితం, ఆపైన గంటకు ఎంత, ఇవి ఉంటే చాలు.

అదే కాగితంలో హక్కుల మాట కూడా ఒక వాక్యం ఉండాలి. కాన్వాసు అమ్మినంత మాత్రాన దాన్ని అచ్చు వేసుకునే హక్కు కూడా అమ్ముడుపోయినట్లు కాదని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. రచనల, చిత్రాల హక్కుల మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం చిత్రాలకు ఈ రక్షణ సాధారణంగా కళాకారుడి జీవితకాలమూ, ఆ తరువాత కనీసం 50 ఏళ్ళూ ఉంటుంది. నీ బొమ్మను ఎవరైనా పుస్తకం అట్ట మీదో క్యాలెండరు మీదో వేసుకుంటామంటే అది వేరే బేరం. వేరే బేరమన్న సంగతి వాళ్ళకు తెలియకపోయినా నీకు తెలిసి ఉండాలి.

గడువు ఇచ్చేటప్పుడు తొందరపడకు. నూనె రంగు నీళ్ళలా ఆవిరై ఆరదని నీకు నేను చెప్పనక్కర్లేదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అంబర్ అనే మట్టి గోధుమరంగు త్వరగా ఆరిపోతుంది, టైటానియం తెలుపు మందంగా వేస్తే ఆరకుండా పట్టుకుని వేలాడుతుంది. నీకు తెలిసిన ఈ ముక్క వేయించుకునేవారికి తెలియదు. ఆఖరి వార్నిష్ కొన్ని నెలలు ఆగి పూస్తావనీ, అందుకు బొమ్మను మళ్ళీ ఒకసారి తీసుకురావాలనీ కాగితంలోనే రాసేస్తే, పచ్చి బొమ్మను ప్యాక్ చేసి పంపించే గండం తప్పుతుంది.

శైలి మార్చకుండా కొత్తగా మొదలుపెట్టడం ఏమిటని నువ్వు అడుగుతావని తెలుసు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1656లో దివాలా తీశాడు. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న చిత్రాలూ వస్తువులూ వేలానికి పోయాయి, తరువాత ఇల్లూ పోయింది. 1660లో ఆయన సహచరి హెండ్రిక్యే, కొడుకు టైటస్ కలిసి ఒక వ్యాపార సంస్థ పెట్టి, ఆయన వేసే బొమ్మలన్నీ ఆ సంస్థకే చెందేటట్లు, ఆయన అందులో పనిచేసే మనిషి అయ్యేటట్లు రాసుకున్నారు. అప్పులవాళ్ళు కొత్త బొమ్మల మీద చెయ్యి వేయకుండా అది ఒక అడ్డుగోడ. ఆ ఏర్పాటు నీడలో, 1662లో, బట్టల వర్తక సంఘం పర్యవేక్షకుల ఆ గొప్ప బొమ్మ వేశాడు. ఆ ఇంట్లో మారింది కాగితాల మీది ఏర్పాటు. కుంచె పట్టే తీరు మాత్రం తన దారిన తాను ముదురుతూ పోయింది. శైలి నిజంగా మారవలసి వచ్చిన రోజున అదే మారుతుంది. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక మునుపటిలా నిలబడి బొమ్మలు వేయడం కష్టమైన ఫ్రెంచి చిత్రకారుడు మతీస్, రంగు పూసిన కాగితాలను కత్తెరతో కోసి అతికించడం వైపు తిరిగాడు. అది అవసరం తెచ్చిన మార్పు. విసుగుతో చేసే మార్పు అంతకాలం నిలవదని నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

పోర్ట్రెయిట్లు మానవద్దు, తగ్గించుకో. వెలుతురు బాగుండే ఉదయాలను రంగులకే ఉంచి, వారంలో కొన్ని ఉదయాలు ఎవరూ అడగని నీ సొంత బొమ్మకు కేటాయించు. ఉత్తరాలూ, ఫోన్లూ, బాకీల గుర్తుచేతలూ మధ్యాహ్నానికి నెట్టు. పొద్దున్నే ఒక బాకీ గురించి మాట్లాడిన మనిషి ఆ పూట మంచి నీడ వేయలేడు. సొమ్ము చేతికి వచ్చిన రోజునే పన్నుకు, సామగ్రికి, పని లేని నెలలకు కొంచెం కొంచెం పక్కన పెట్టి, మిగిలినదే నీ సంపాదన అనుకో. గది మార్చే ఆలోచన కూడా ఈ లెక్క తేలేదాకా ఆపు. కొత్త గదికి అడ్వాన్సు కట్టి, ఆ అడ్వాన్సు కోసం నచ్చని ఆర్డర్లు ఒప్పుకోవడం నీకు ఇప్పుడు అక్కర్లేని బరువు.

ఈ వారంలో చేయవలసినది ఒకటుంది. నీకు డబ్బు ఇవ్వవలసిన వాళ్ళకు, కోపం చూపకుండా, బొమ్మ ఎప్పుడు ఇచ్చావో, ఎంత రావాలో, ఏ తేదీలోగా పంపాలో మూడు వాక్యాల్లో రాసి పంపు. బతిమాలవద్దు, కారణాలు చెప్పుకోవద్దు. రాయడానికి చెయ్యి రాకపోతే నాకు పంపు, నేను రాసి ఇస్తాను.

అమ్మ నీ మణికట్టు నొప్పి గురించి మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. పెద్ద బొమ్మ వేస్తున్నప్పుడు ఈజిల్‌ను నువ్వు చెయ్యి పైకెత్తి వేసేలా ఉంచుతున్నావని నాకు ఫోటోల్లో కనిపించింది. వేస్తున్న చోటు భుజం ఎత్తుకు వచ్చేటట్లు కాన్వాసును దించుకుంటూ పో. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచే ఉంచు. నొప్పి తగ్గిందో లేదో అమ్మకు విడిగా రాయి. నాకు రాసింది తనకు చెప్పినట్లు కాదట.

ఇట్లు,
నాన్న